మీకు తెలుసా? గుత్తి షెడ్‌లో ఎనిమిది జర్మన్ ఇంజన్లు

దుత్తలూరు నుంచి ఆత్మకూరు చేరి బొంబాయి రోడ్డెక్కి పడమటికి పోతే బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, తాడిపత్రి దాటాక గుత్తి వస్తుంది. ఆ రోడ్డుకు ఇప్పుడు 67వ నంబరు జాతీయ రహదారి అని పేరు. గుత్తి అనగానే మనకు కొండమీద కోట గుర్తొస్తుంది. రైల్వేవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది డీజిల్ షెడ్. దేశంలో మరే షెడ్‌లోనూ లేని ఒక జాతి రైలింజన్లు 1970 నుంచి దాదాపు పాతికేళ్లు అక్కడే ఉండేవని, అక్కడి నుంచే బండ్లు లాగేవని మీకు తెలుసా?

ఎనిమిదే ఎనిమిది

వాటి పేరు డబ్ల్యూడీఎం-3. జర్మనీలోని కాసెల్ నగరంలో హెన్షెల్ కంపెనీ తయారుచేసింది. వచ్చినవి మొత్తం ఎనిమిది. నంబర్లు 18515 నుంచి 18522 వరకు. అప్పటికి వారణాసి కర్మాగారంలో వరసబెట్టి తయారవుతున్న డబ్ల్యూడీఎం-2 ఇంజన్ల నంబర్ల మధ్యలో ఈ ఎనిమిదింటికీ చోటిచ్చారు. నంబరు ఒక్కటే చూస్తే వేరే జాతి అని పోల్చుకోలేం. దగ్గరికెళ్లి చక్రాలు లెక్కపెడితే తెలిసిపోతుంది. డబ్ల్యూడీఎం-2కు ఆరు ఇరుసులు, వీటికి నాలుగే. కడుపులో మెర్సిడెస్ బెంజ్ డీజిల్ యంత్రం. బలం 2500 హార్స్ పవర్. ఆరు ఇరుసుల డబ్ల్యూడీఎం-2 బలం 2600. అంటే ఇంచుమించు అంతే సత్తువను నాలుగు ఇరుసుల మీద ఇమిడ్చారన్నమాట.

ఎలా ఇమిడ్చారన్నదే ఈ కథలో అసలు విశేషం.

మన దేశంలో పట్టాలమీద కనిపించే పెద్ద డీజిల్ ఇంజన్లు దాదాపు అన్నీ నిజానికి కరెంటుతో నడిచేవే. లోపలి డీజిల్ యంత్రం ఒక జనరేటర్‌ను తిప్పుతుంది. అందులో పుట్టిన కరెంటు ఇరుసుల దగ్గరున్న మోటార్లకు వెళ్తుంది, మోటార్లు చక్రాలను తిప్పుతాయి. జనరేటర్, మోటార్లు అంటే మోపులకొద్దీ రాగి, ఇనుము. బరువంతా అక్కడే. గుత్తికి వచ్చిన హెన్షెల్ ఇంజన్లలో ఆ జనరేటరూ లేదు, ఆ మోటార్లూ లేవు. డీజిల్ యంత్రం బలం చమురు ద్వారా చక్రాలకు చేరేది. దీన్ని డీజిల్-హైడ్రాలిక్ పద్ధతి అంటారు.

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో బోరు మోటారు విప్పి చూడని రైతు ఉండడు కాబట్టి అర్థం చేసుకోవడం కష్టం కాదు. మోటారు తిరిగితే లోపలి రెక్కలు నీటిని విసురుతాయి, ఆ విసురుకు నీరు పైకొస్తుంది. ఇప్పుడు ఆ విసిరిన నీటికి ఎదురుగా ఇంకో రెక్కల చక్రం పెట్టారనుకోండి, అదీ తిరుగుతుంది. నీటి బదులు చమురు పోసి, రెండు రెక్కల చక్రాలనూ ఒకే పెట్టెలో ఎదురెదురుగా బిగించి, మధ్యలో చమురు దారిని మళ్లించే కదలని రెక్కలు పెడితే టార్క్ కన్వర్టర్ తయారు. డీజిల్ యంత్రం మొదటి చక్రాన్ని తిప్పుతుంది. చమురు తాకిడికి తిరిగే రెండో చక్రం నుంచి గేర్లు, పొడవాటి షాఫ్టుల ద్వారా బలం ఇరుసులకు పోతుంది. రెండింటి మధ్య ఇనుముకు ఇనుము తగలదు. నిలబడ్డ బండిని కదిలించేటప్పుడు ఈ ఏర్పాటు లాగుడు బలాన్ని దానంతటదే పెంచుతుంది. వేగం అందుకున్నకొద్దీ తగ్గిస్తుంది.

దీన్ని కనిపెట్టింది హెర్మన్ ఫెటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. పేటెంటు 1905 నాటిది. ఆయన మనసులో ఉన్నది రైలు కాదు, ఓడ. జోరుగా తిరిగే ఆవిరి టర్బైన్‌నూ, నెమ్మదిగా తిరగాల్సిన ఓడ పంకానూ కలపడానికి దారి వెతుకుతుంటే ఇది దొరికింది.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. ఇంజన్ కింద ఒక్కో చక్రాల చట్రంలోని ఇరుసులన్నీ షాఫ్టులతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి కాబట్టి తడి పట్టా మీద ఏ ఒక్క ఇరుసూ విడిగా జారి గిరగిరా తిరగదు. నష్టమూ ఉంది. దారిలో పోయిన బలమంతా చమురులో వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోసెయ్యడానికి మంచి రేడియేటర్లు కావాలి. గుత్తి వేసవిలో అది చిన్న విషయం కాదు.

అందరికంటే ముందు గ్లాస్గో

చమురు పద్ధతి ఇంజన్లు మన దేశానికి రావడం గుత్తితో మొదలు కాలేదు. పదిహేనేళ్ల ముందు, 1955-56లో, స్కాట్లండ్‌లోని గ్లాస్గో నుంచి నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ మీటర్ గేజ్ మీద నడిచే 20 డీజిల్-హైడ్రాలిక్ ఇంజన్లు పంపింది. అవి వైడీఎం-1. గుజరాత్‌లో కచ్ ప్రాంతపు గాంధీధామ్ వాటి నివాసం. అక్కడికే ఎందుకంటే నీళ్ల కోసం. ఆవిరి ఇంజన్‌కు బొగ్గు ఎంత ముఖ్యమో నీళ్లూ అంతే ముఖ్యం. మైళ్ల తరబడి మంచినీరు దొరకని నేలలో దాన్ని నడపడం తలకు మించిన పని. మొదట డీజిల్‌ను వెతుక్కున్నవి ఇలాంటి ఎండు సీమలే. వాన కోసం ఎదురుచూసే దుత్తలూరు మెట్ట వాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

  

నార్త్ బ్రిటిష్ కంపెనీ గురించి కొంచెం చెప్పాలి. మూడు పాత కంపెనీలు కలిసి 1903లో ఏర్పడి, రైలింజన్ల తయారీలో యూరప్‌లోకెల్లా పెద్దదిగా పేరు తెచ్చుకుంది. మన దేశపు రైళ్లను లాగిన ఆవిరి ఇంజన్లు ఎన్నో దాని చేతి పనే. ఆవిరిలో తిరుగులేని ఆ కంపెనీ డీజిల్ దగ్గర తడబడింది. కథ ఇక్కడి నుంచి బ్రిటన్‌కు మళ్లుతుంది.

యుద్ధనౌకల పేర్లున్న అయిదు ఇంజన్లు

1955లో బ్రిటిష్ రైల్వే ఆవిరిని వదిలించుకోవాలని పెద్ద ప్రణాళిక వేసింది. ఏ రకం డీజిల్ మంచిదో తేల్చుకోవడానికి ముందు పరీక్షగా వేర్వేరు కంపెనీలకు వేర్వేరు రకాలు కలిపి 174 ఇంజన్లు పురమాయించింది. దేశమంతా ఎలక్ట్రిక్ పద్ధతి వైపు మొగ్గితే, ఆ రైల్వేలోని పడమటి విభాగం మాత్రం జర్మనీలో చక్కగా పరుగెడుతున్న వి-200 ఇంజన్లను చూసి చమురు పద్ధతికి ఓటేసింది. అలా 1957-59 మధ్య నార్త్ బ్రిటిష్ కంపెనీలో డి-600 నుంచి డి-604 వరకు అయిదు ఇంజన్లు తయారయ్యాయి. యాక్టివ్, ఆర్క్ రాయల్, బుల్‌డాగ్, కాంక్వెస్ట్, కొసాక్ అని యుద్ధనౌకల పేర్లు పెట్టారు. ఓడ కోసం పుట్టిన యంత్రాంగం ఓడల పేర్లున్న రైలింజన్లలోకి చేరడం నాకైతే ముచ్చటగా తోస్తుంది.

ఒక్కోదాని బలం 2000 హార్స్ పవర్. బరువు 117 టన్నులు. చమురు పద్ధతి ఎంచుకున్నదే తేలికగా ఉంటుందని కదా, మరి ఇంత బరువెందుకు? రైల్వే పైఅధికారులు పాత బ్రిటిష్ పద్ధతిలోనే బరువైన చట్రం కావాలని పట్టుబట్టారు. అదే రైల్వే సొంత కర్మాగారం స్విండన్‌లో జర్మన్ నమూనాను దగ్గరగా అనుసరించి డి-800 ఇంజన్లు కట్టింది. అంతే బలానికి బరువు 78 టన్నులే. తేడా 39 టన్నులు. కొత్త ఆలోచనను పాత చట్రంలో బిగిస్తే దాని మేలు ఎంత పోతుందో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

ఆ అయిదూ పదేళ్లు నిండకుండానే 1967 డిసెంబరులో విధుల నుంచి తప్పుకున్నాయి. తయారుచేసిన కంపెనీ అంతకన్నా ముందే, 1962లో, మూతపడింది. డీజిల్ ఇంజన్లు మొరాయించినప్పుడల్లా వారంటీ కింద పెట్టిన ఖర్చు దాన్ని లోపలి నుంచి తినేసింది. చమురు పద్ధతిలో వచ్చిన తర్వాతి తరాలు ఇంకొంత కాలం మెరిశాయి. 101 హైమెక్‌లు, 74 వెస్టర్న్‌లు బ్రిటిష్ పట్టాల మీద పేరు తెచ్చుకున్నాయి. రకాలు తగ్గించుకోవాలని అక్కడి రైల్వే నిర్ణయించుకున్నాక వాటికీ రోజులు దగ్గర పడ్డాయి. ఆఖరి వెస్టర్న్‌లు 1977 ఫిబ్రవరిలో నిలిచిపోయాయి.

మరి చమురు పద్ధతి చెడ్డదా? కాదు. పుట్టినింట, జర్మనీలో, అది దశాబ్దాలు బతికింది. అక్కడ షెడ్లు, మనుషులు, స్పేర్ పార్టులు, కంపెనీలు అన్నీ దాని చుట్టూ అల్లుకుని ఉన్నాయి. బ్రిటన్‌లో అది ఒక మూలకే పరిమితమైంది. గుత్తిలో ఎనిమిదింటికే పరిమితమైంది.

వారణాసి ఒక పక్క, గుత్తి ఒక పక్క

ఎనిమిది ఇంజన్లు నడపడం, వేల ఇంజన్లు నడపడం ఒకటి కాదు. మన దేశం డీజిల్ దారి ఎంచుకునే రోజుల్లో అమెరికా కంపెనీలు రెండు పోటీపడ్డాయి. ఆల్కో మనకు తయారీ విద్య కూడా ఇవ్వడానికి ఒప్పుకుంది. జనరల్ మోటార్స్‌తో ఆ ఒప్పందం కుదరలేదు. ఆల్కో నమూనాతో వారణాసి కర్మాగారంలో తయారైన మొదటి డబ్ల్యూడీఎం-2 ఇంజన్‌ను 1964 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి ప్రారంభించారు. జర్మన్ ఇంజన్లు గుత్తిలో అడుగుపెట్టేనాటికి వారణాసి ఇంజన్లు అన్ని దిక్కులా నడుస్తున్నాయి. వాటికి ఏ షెడ్‌కెళ్లినా స్పేర్ పార్టు దొరుకుతుంది, విప్పి బిగించగల ఫిట్టర్ దొరుకుతాడు. జర్మన్ ఇంజన్‌కు ఏ భాగం కావాలన్నా గుత్తే దిక్కు, లేదంటే సముద్రాలు దాటి రావాలి. ఇంత చిన్న జాతిని అంత కాలం నడిపించారంటే, నా దృష్టిలో అది గుత్తి షెడ్ కార్మికుల గొప్పతనం. పుస్తకాల్లో దీనికి దక్కింది రెండు మూడు వాక్యాలే.

ఇంకో సంగతి. ఆ ఇంజన్లు వచ్చినప్పుడు గుత్తి దక్షిణ మధ్య రైల్వేలో లేదు. గుంతకల్లు డివిజన్ అప్పట్లో మద్రాసు కేంద్రంగా ఉన్న దక్షిణ రైల్వే కింద ఉండేది. 1977 అక్టోబరులో గానీ సికింద్రాబాద్ కిందికి రాలేదు. అంటే ఈ ఎనిమిదీ గుత్తి నుంచి కదలకుండానే రైల్వే మారాయి.

3 వేరు, 3ఎ వేరు

ఈమధ్య దాకా మన స్టేషన్లలో ఎక్కువగా కనిపించిన డీజిల్ ఇంజన్ డబ్ల్యూడీఎం-3ఎ. పేరు చూసి గుత్తి జర్మన్ ఇంజన్ల వారసులు అనుకుంటే పొరపాటే. 3ఎ అంటే బలం పెంచిన డబ్ల్యూడీఎం-2. రక్తం ఆల్కోది, బలం 3100 హార్స్ పవర్. తర్వాతి కాలంలో పేరులోని అంకె వేల హార్స్ పవర్‌ను చూపేలా పద్ధతి మార్చారు. అలా 3 అన్న అంకె మళ్లీ వాడుకలోకి వచ్చింది. జర్మన్ ఇంజన్ల పేరును వాటితో చుట్టరికం లేని ఇంజన్లు మోశాయి. జర్మన్ ఇంజన్లను జనం మరిచిపోవడానికి ఇది కూడా ఒక కారణమై ఉంటుంది.

మన చమురు విద్య

చమురు పద్ధతిలో మనవాళ్లు ఊరికే కొనుక్కుని కూర్చోలేదు. భారతీయ రైల్వే ఇంజనీరు మన్ మోహన్ సూరి సొంతంగా ఒక పద్ధతి రూపొందించారు. బండి కదిలేటప్పుడు టార్క్ కన్వర్టర్ పని చేస్తుంది, వేగం అందుకున్నాక యంత్రానికీ చక్రాలకూ మధ్య నేరుగా గేర్ల బంధం పడుతుంది. దాంతో చమురులో వృథా అయ్యే బలం మిగులుతుంది. దానికి సూరి ట్రాన్స్‌మిషన్ అని ఆయన పేరే స్థిరపడింది. 1961లో పద్మశ్రీ, 1962లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం ఆయన్ని వరించాయి. తర్వాత దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థకు నాయకత్వం వహించారు. పొలాల్లో మనం చూసే స్వరాజ్ ట్రాక్టర్ పుట్టింది ఆ సంస్థలోనే.

చిత్తరంజన్ కర్మాగారంలో తయారైన డబ్ల్యూడీఎస్-4 షంటింగ్ ఇంజన్లు, కాల్కా-సిమ్లా కొండ దారిలో తిరిగే జడ్‌డీఎం-3 ఇంజన్లు చమురు పద్ధతివే. ఎక్స్‌ప్రెస్‌ల ముందు నిలబడే పెద్ద ఇంజన్లలో ఓడిన పద్ధతి యార్డుల్లో, చిన్న గేజ్ మీద నిలదొక్కుకుంది. గుత్తి ప్రయోగం వృథా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఏ పనికి ఏది తగదో తేలడం కూడా ఒక ఫలితమే.

మన వైపు రైలు

ఇన్ని ఇంజన్ల కథ చెప్పుకున్నా, దుత్తలూరు, ఉదయగిరి వైపు ఇప్పటికీ రైలు కూత వినపడదు. రైలెక్కాలంటే నెల్లూరో కావలో పోవాల్సిందే. 2011-12లో మంజూరైన నడికుడి-శ్రీకాళహస్తి లైన్ మన నెల్లూరు జిల్లా పడమటి భాగంలో వింజమూరు, ఆత్మకూరు, రాపూరు మీదుగా పోయేలా ఖాయమైంది. మొత్తం పొడవు 309 కిలోమీటర్లు. ఇప్పుడు దేశంలో కొత్త లైన్లను విద్యుత్ లైన్లుగానే వేస్తున్నారు. కాబట్టి ఇక్కడో విచిత్రం జరగబోతోంది. దేశంలో చాలా ఊళ్లు ముందు ఆవిరిని, తర్వాత డీజిల్‌ను, ఆ తర్వాత కరెంటును చూశాయి. పశ్చిమ నెల్లూరు మొదటి రెండింటినీ దాటేసి నేరుగా కరెంటు రైలు ఎక్కుతుంది. ఇక్కడి పిల్లలకు డీజిల్ ఇంజన్ అంటే పట్టాలు వేసేటప్పుడు కంకర మోసుకొచ్చే బండి మాత్రమే కావచ్చు.

ఒక్కటీ మిగల్లేదు

వారణాసి మొదటి ఇంజన్ కుందన్ ఇప్పటికీ భద్రంగా ఉంది. తొలి రాజధాని ఎక్స్‌ప్రెస్‌ను లాగిన డబ్ల్యూడీఎం-4 జాతికి ఢిల్లీ రైల్వే మ్యూజియంలో చోటు దక్కింది. గుత్తి జర్మన్ ఇంజన్లలో మాత్రం ఏ మ్యూజియంలోనూ ఒక్కటి కూడా లేదు. ఎనిమిదీ తుక్కయిపోయాయి.

బ్రిటన్‌లోనూ ఇదే జరిగింది. వెస్టర్న్‌లు ఏడు, హైమెక్‌లు నాలుగు మిగిలాయి, మొదటి ఆ అయిదింటిలో ఒక్కటీ లేదు. వాటిలో ఆర్క్ రాయల్ మాత్రం వేల్స్‌లోని బ్యారీ తుక్కు యార్డులో 1980 దాకా నిలబడే ఉంది. ఆ యార్డు నుంచే అభిమానులు చందాలు పోగేసుకుని రెండు వందలకు పైగా ఆవిరి ఇంజన్లను కాపాడుకున్నారు. వాటి పక్కనే పన్నెండేళ్లు తుప్పుపట్టిన ఆర్క్ రాయల్ కోసం ఎవరూ ముందుకు రాలేదు. చివరికి కోసేశారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది.

పోయాక అక్కడివాళ్లు మేల్కొన్నారు. బేబీ డెల్టిక్ అని పది ఇంజన్ల జాతి ఒకటుండేది. అన్నీ తుక్కయ్యాయి గానీ దాని డీజిల్ యంత్రం ఒక్కటి మిగిలింది. ఆ ఒక్కదాని కోసం వేరే రకం ఇంజన్ చట్రాన్ని కోసి, అతికించి, కొత్తగా బేబీ డెల్టిక్‌ను కడుతున్నారు అభిమానులు. 1947 డిసెంబరులో డార్బీలో తయారైన బ్రిటన్ మొదటి మెయిన్‌లైన్ డీజిల్-ఎలక్ట్రిక్ ఇంజన్ 10000ను తిరిగి నిర్మించడానికి ఒక సంఘమే పుట్టింది. వాళ్లకు దారి చూపుతున్నది పాత ఫొటోలు, డ్రాయింగులు, పనిచేసినవాళ్ల జ్ఞాపకాలు.

మన ఎనిమిది ఇంజన్లను ఎవరూ తిరిగి కట్టమనడం లేదు. వాటి జాడ నిలిస్తే చాలు. గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి, కడప వైపు రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్లు మన నెల్లూరు జిల్లాలోనూ ఉంటారు. 1970 నుంచి 1995 దాకా గుత్తి షెడ్‌లో ఫిట్టర్‌గానో, డ్రైవర్‌గానో, క్లీనర్‌గానో చేసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే ఈ ఆదివారం వాళ్ల దగ్గర కూర్చోండి. ఆ జర్మన్ ఇంజన్ల మోత ఎలా ఉండేదో, ఏ బండ్లకు కట్టేవాళ్లో, ఏ భాగం ఎక్కువగా ఇబ్బంది పెట్టేదో అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. పాత పెట్టెల్లో ఫొటో దొరికితే దాని వెనక ఇంజన్ నంబరు, ఏడాది, స్టేషన్ పేరు రాసిపెట్టండి. 18515 నుంచి 18522 లోపు నంబరు కనిపిస్తే ఆ ఫొటోకు నాలుగు కాపీలు తీయించి, ఒకటి మీ ఊరి లైబ్రరీకి ఇవ్వండి.